ఫెస్టివల్ టాక్ విని సినిమా ఎంచుకోవాలంటే, ముఖ్యంగా మ్యూజిక్ కోసం, ఎవరి మాట వినాలి

మనకి చిన్నప్పట్నుంచి ఉన్న అలవాటు ఏంటంటే సినిమా కంటే ముందు పాటలు వస్తాయి. క్యాసెట్ రోజుల్లో అయినా, ఇప్పటి లిరికల్ వీడియోల రోజుల్లో అయినా అదే వరస. థియేటర్లో కూర్చునే టైంకి పల్లవి నోటికి వచ్చేసి ఉంటుంది, ఇంక ఆ పాట ఎలా తీశాడా అని చూడటమే మిగులుతుంది. బయటి దేశాల ఫెస్టివల్ సినిమాల దగ్గర ఇది పూర్తిగా తలకిందులు. ముందు సినిమా ఎక్కడో ఇటలీలోనో కెనడాలోనో వేస్తారు, చూసిన కొన్ని వందల మంది రాత్రికి రాత్రి "అద్భుతం" అని రాసేస్తారు, మ్యూజిక్ మాత్రం మన చెవిన పడటానికి ఒక్కోసారి నాలుగైదు నెలలు పడుతుంది. అందాకా మన దగ్గర ఉండేది టాక్ ఒక్కటే.

ఆ టాక్ వెనకాల చాలా ఏళ్ళు పరిగెత్తాను నేను. ప్రతి ఆగస్టు చివర్లో లిస్టు రాసుకోవడం, మ్యూజిక్ ఎవరు చేశారో వెతుక్కోవడం, సంక్రాంతి దాటాక ఒక్కొక్కటీ చూసి టిక్ పెట్టుకోవడం. అలా చూస్తూ చూస్తూ ఉంటే అర్థమైంది ఏంటంటే, ఫస్ట్ టాక్‌లో సినిమా గురించి చెప్పిన మాట సగం సార్లు నిలబడదు గానీ మ్యూజిక్ గురించి వివరంగా చెప్పిన మాట మాత్రం చాలా వరకు నిలబడుతుంది, కాకపోతే అది ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరు చెప్పారు అన్నది చూసుకోవాలి. మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు కదా, యూఎస్ ప్రీమియర్ టాక్ వేరు, మార్నింగ్ షో టాక్ వేరు, ఫస్ట్ వీకెండ్ అయ్యాక బీసీ సెంటర్ల నుంచి వచ్చే టాక్ వేరు అని మనకి తెలుసు. ఇక్కడా అంతే.

ముందు వెనిస్ గురించి చెప్తా, ఎందుకంటే మ్యూజిక్ కోసం సినిమా ఎంచుకునేవాళ్ళకి నా మొదటి సలహా అదే.

1932లో మొదలైన ఫెస్టివల్ ఇది, ప్రపంచంలో అన్నిటికంటే పాతది, లీడో అనే దీవిలో ఆగస్టు చివర్లో మొదలై సెప్టెంబర్ మొదటి వారం దాటేదాకా జరుగుతుంది. ఒక లెక్క చూడండి. 2016 నుంచి 2024 దాకా 9 ఏళ్ళ సినిమాలు తీసుకుంటే ఒరిజినల్ స్కోర్‌కి, అంటే ఆ సినిమా కోసమే రాసిన నేపథ్య సంగీతానికి, ఆస్కార్ తెచ్చుకున్న వాటిలో 5 వెనిస్‌లో మొదట చూపించినవే: 2016లో లా లా ల్యాండ్, 2017లో ద షేప్ ఆఫ్ వాటర్, 2019లో జోకర్, 2021లో డ్యూన్, 2024లో ద బ్రూటలిస్ట్. అదే 9 ఏళ్ళలో ఫ్రాన్స్‌లో జరిగే కాన్ ఫెస్టివల్‌లో మొదట చూపించింది ఒక్కటీ లేదు. కెనడాలో జరిగే టొరంటో ఫెస్టివల్ నుంచి ఒకటి ఉంది, 2022లో అక్కడ మొదట వేసిన ఆల్ క్వైట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్. ఆస్కార్ వస్తేనే మంచి మ్యూజిక్ అని నేను అనడం లేదు, దాని రూల్సు ఎలా ఉంటాయో కింద చెప్తా, కానీ పెద్ద ఆర్కెస్ట్రా, పెద్ద తెర, పెద్ద సౌండ్ ఉన్న సినిమాలు తీసేవాళ్ళు వెనిస్‌ని ఎంచుకుంటారు, అక్కడికి వచ్చేవాళ్ళు కూడా ఆ సౌండ్ గురించి రాస్తారు. అందుకే అక్కడి నుంచి "బీజీఎం వినాలి" అనే మాట వస్తే నేను నోట్ చేసుకుంటా.

కానీ చప్పట్ల నిమిషాలు మాత్రం అస్సలు లెక్కలోకి తీసుకోకండి. దీనికి 2024 వెనిస్ కంటే మంచి ఉదాహరణ లేదు. సెప్టెంబర్ 1న ద బ్రూటలిస్ట్ వేశారు, మూడు రోజుల తర్వాత సెప్టెంబర్ 4న జోకర్ రెండో పార్ట్ వేశారు. రెండింటికీ పది నిమిషాలకి పైనే నిలబడి చప్పట్లు కొట్టారని అప్పట్లో వార్తలు. అదే దీవి, అదే హాలు, అదే వారం. మొదటిదానికి ఉత్తమ డైరెక్టర్‌గా బ్రేడీ కార్బెట్‌కి సిల్వర్ లయన్ వచ్చింది, ఆరు నెలల తర్వాత మ్యూజిక్ చేసిన డేనియల్ బ్లుంబర్గ్‌కి ఆస్కార్ వచ్చింది. రెండోది అమెరికాలో రిలీజైన రోజు థియేటర్ బయట ప్రేక్షకుల్ని అడిగి గ్రేడ్ ఇచ్చే సినిమాస్కోర్‌లో డి తెచ్చుకుంది, కామిక్ బుక్ సినిమాల్లో అంత తక్కువ గ్రేడ్ రావడం అదే మొదటిసారి. చప్పట్లు ఎదురుగా నిలబడ్డ నటులకి, డైరెక్టర్‌కి మర్యాదగా కొట్టేవి, కెమెరా ఒక్కొక్కరి ముఖం మీదకీ వెళ్తుంటే ఆపడానికి ఎవరికీ మనసు రాదు. అందులో మ్యూజిక్ గురించి మనకి తెలిసేది ఏమీ ఉండదు.

మరి దేన్ని చూడాలి అంటే, ఆ వారంలో వచ్చిన రివ్యూల్లో సౌండ్ గురించి ఏం రాశారో చూడాలి. బ్రూటలిస్ట్ గురించి వచ్చిన మాటల్లో "గొప్ప స్కోర్" అని ఊరికే వదిలేయకుండా మొదట్లోనే ఒక ఓవర్చర్, అంటే కథకి ముందు వచ్చే సంగీతం, ఉందనీ, ఇత్తడి వాద్యాలు మీదకి విరుచుకుపడినట్టు వస్తాయనీ, పియానో తీగల మధ్య వస్తువులు పెట్టి వాయించిన శబ్దం ఉందనీ వివరంగా రాశారు. అలా రాశారంటే ఆ మనిషి చెవికి నిజంగా ఏదో తగిలిందని అర్థం. ఆ పియానో వాయించింది జాన్ టిల్‌బరీ అనే పెద్దాయన, చివర్లో 1980ల్లోకి కథ వెళ్ళినప్పుడు సింథ్‌ల కోసం, అంటే ఎలక్ట్రానిక్ వాద్యాల కోసం, ఆ కాలపు పాప్ సంగీతకారుడు విన్స్ క్లార్క్‌ని తెచ్చుకున్నారు. 3 గంటల 35 నిమిషాల సినిమా, మధ్యలో 15 నిమిషాల ఇంటర్వెల్ కూడా లోపలే కలిపి. ఇంటర్వెల్ ఉన్న సినిమా అనగానే పాశ్చాత్యులు వింతగా రాశారు, మనకి అది పండగే. నేను చూసిన షోలో ఇంటర్వెల్‌లో బయటికెళ్ళిన వాళ్ళు మళ్ళీ వచ్చి కూర్చునేసరికి హాల్లో ఒక రకమైన నిశ్శబ్దం ఉంది, ఆ ఓవర్చర్ సంగీతం మళ్ళీ ఎప్పుడొస్తుందా అని అందరూ ఎదురు చూస్తున్నట్టు. థియేటర్లో చూడకపోతే ఈ సినిమాలో సగం పోతుంది, ఇది గట్టిగానే చెప్తున్నా.

వెనిస్‌లో మొదటి జోకర్ సంగతి కూడా ఇలాగే. 2019లో వెనిస్ పెద్ద అవార్డు గోల్డెన్ లయన్ దానికి వచ్చినప్పుడు గొడవంతా సినిమా ప్రమాదకరమా కాదా అనే దాని మీద నడిచింది, కానీ అందులో వినపడే చెల్లో, అంటే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం, గురించి రాసినవాళ్ళ మాటే చివరికి నిలబడింది. మ్యూజిక్ డైరెక్టర్ హిల్దుర్ గుద్నదోత్తిర్ షూటింగ్‌కి ముందే కొంత మ్యూజిక్ చేసి ఇచ్చింది, ఆ బాత్రూమ్ డ్యాన్స్ సీను ఆ ట్యూన్ వింటూ పుట్టిందే. సినిమా గురించి జనం ఇప్పటికీ రెండు వర్గాలుగా కొట్టుకుంటారు, ఆ చెల్లో గురించి మాత్రం పెద్దగా పేచీ లేదు.

ఇప్పుడు టెల్యూరైడ్. అమెరికాలో కొలరాడో కొండల్లో చిన్న ఊరు, ఆగస్టు చివరో సెప్టెంబర్ మొదలో వాళ్ళ లేబర్ డే సెలవుల్లో నాలుగు రోజులు ఫెస్టివల్ జరుగుతుంది. ఏ సినిమాలు వేస్తారో ఒక్క రోజు ముందు దాకా చెప్పరు, పోటీ లేదు, అవార్డులు లేవు. అక్కడి నుంచి వచ్చే టాక్ కాస్త మెత్తగా ఉంటుంది, పాస్‌కి బోలెడు డబ్బు పెట్టి అంత దూరం కొండెక్కి వచ్చిన వాళ్ళు కదా, నచ్చకపోయినా గట్టిగా అనరు. కాబట్టి అక్కడి "బాగుంది"ని నేను "పర్లేదు"గా చదువుకుంటా, "చాలా బాగుంది" అంటే బాగుంది అన్నమాట. అయితే ఒక్క మంచి ఉంది, చిన్నగా, గుట్టుగా ఉండే మ్యూజిక్ అక్కడ బయటపడుతుంది. 2024లో కాన్‌క్లేవ్ అక్కడే మొదట వేశారు. కొత్త పోప్‌ని ఎన్నుకునే కథ, అందరూ నటన గురించే రాశారు, ఒకరిద్దరు మాత్రం అందులో గాజు మీద వేలు రాసినట్టుండే ఒక శబ్దం గురించి రాశారు. అది క్రిస్టల్ బాషే అనే వాద్యం, తడి వేళ్ళతో గాజు కడ్డీల్ని రుద్దుతూ వాయిస్తారు. మన జలతరంగం విన్నవాళ్ళకి ఆ తడి గాజు మోత కొంచెం ఊహకి అందుతుంది గానీ ఇది ఇంకా సాగదీసినట్టు, భయపెట్టేట్టు ఉంటుంది. చేసింది ఫోల్కర్ బెర్టెల్‌మన్, పైన చెప్పిన ఆల్ క్వైట్‌కి ఆస్కార్ తెచ్చుకున్నది ఆయనే. ఈ సినిమా మ్యూజిక్ ఇంట్లో మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా పూర్తిగా దక్కుతుంది, థియేటర్ మిస్సయ్యామని బెంగ అక్కర్లేదు.

టొరంటో సంగతి వేరు, ఇది మనకి కొంచెం దగ్గర కూడా. మా పిన్ని కొడుకు టొరంటో పక్కన మిస్సిసాగాలో ఉంటాడు, ప్రతి సెప్టెంబర్‌లో రెండు మూడు షోలకి టికెట్లు కొనుక్కుని వెళ్తాడు, దొరక్కపోతే చివరి నిమిషం టికెట్ల కోసం ఉండే రష్ లైన్లో నిలబడతాడు. కాన్‌లో మామూలు జనం టికెట్ కొనుక్కుని లోపలికి పోవడం కష్టం, అక్కడంతా ఇండస్ట్రీ వాళ్ళు, ప్రెస్ వాళ్ళు. టొరంటోలో సగటు మనిషి కూర్చుంటాడు, పెద్ద అవార్డు పీపుల్స్ చాయిస్ కూడా జ్యూరీ ఇచ్చేది కాదు, చూసినవాళ్ళ ఓట్లతో వస్తుంది. అందుకే అక్కడి టాక్ అంటే మన ఫ్యామిలీ ఆడియన్స్ టాక్ లాంటిది అనుకోండి. మావాడు షో అయిపోగానే వాయిస్ మెసేజ్ పెడతాడు, "అన్నా, ఏడిపించేసింది అన్నా, పక్కన ముసలావిడ టిష్యూ ఇచ్చింది నాకు" అని. సినిమా మనసుకి తగులుతుందా లేదా అనేది తెలియాలంటే వాడి మాట నాకు పది రివ్యూల పెట్టు. మ్యూజిక్ ఎలా ఉందిరా అంటే మాత్రం "బాగుంది అన్నా, సూట్ అయింది" అంటాడు, అంతకంటే రాదు. టొరంటో టాక్ మొత్తం అలాగే ఉంటుంది, కథకి, కన్నీళ్ళకి నమ్మొచ్చు, మ్యూజిక్ గురించి దాన్నుంచి పెద్దగా ఏం తెలియదు.

ఇక్కడ స్లమ్‌డాగ్ మిలియనీర్ గురించి చెప్పకుండా ఎలా ఉంటా. 2008 మే నెలలో దాన్ని అమెరికాలో రిలీజ్ చేయాల్సిన వార్నర్ వాళ్ళ చిన్న కంపెనీ మూతపడింది, సినిమా థియేటర్‌కి రాకుండా నేరుగా డీవీడీకి పోతుందేమో అన్న పరిస్థితి. ఆగస్టులో ఫాక్స్ సెర్చ్‌లైట్ చేతికి తీసుకుంది, అదే నెల 30న టెల్యూరైడ్‌లో వేశారు, వారం తిరిగేసరికి టొరంటోలో వేశారు, పీపుల్స్ చాయిస్ వచ్చేసింది. నవంబర్‌లో అమెరికాలో రిలీజ్, 2009 జనవరి 23న మన దగ్గర, ఫిబ్రవరి 22న 8 ఆస్కార్లు, అందులో రెండు రెహమాన్‌వి, స్కోర్‌కి ఒకటి, పాటకి ఒకటి. రెహమాన్ పాటలు ముందే క్యాసెట్లో విని పెరిగిన మనకి, ఆయన ఆల్బమ్ ఒకటి ఎక్కడో కొండ మీది ఊర్లో, ఆయన ఎవరో కూడా సరిగ్గా తెలియని జనం మధ్య మొదట మోగి, అక్కడ టాక్ తెచ్చుకుని మన దగ్గరకి వచ్చింది అనే ఆలోచనే ఒళ్ళు జలదరించేట్టు ఉంటుంది. ఆ సినిమా ఎవరికి నచ్చింది ఎవరికి నచ్చలేదు అనే గొడవ మన దేశంలో బాగానే నడిచింది, మ్యూజిక్ విషయంలో మాత్రం ఆ సెప్టెంబర్ టాక్ అక్షరాలా నిజమైంది.

కాన్ దగ్గరకి వద్దాం. మే నెల, ఫ్రాన్స్, అన్నిటికంటే పేరున్నది. మ్యూజిక్ పరంగా చూస్తే కాన్ టాక్‌ని చదవడం అన్నిటికంటే కష్టం. మెయిన్ జ్యూరీ ఇచ్చే ప్రైజుల్లో డైరెక్షన్‌కి ఉంది, స్క్రీన్‌ప్లేకి ఉంది, నటనకి ఉంది, మ్యూజిక్‌కి లేదు, విడిగా బయటివాళ్ళు ఇచ్చే సౌండ్‌ట్రాక్ అవార్డు ఒకటి ఉంటుంది అంతే. పైగా కాన్ సినిమాల్లో చాలావాటికి బీజీఎం చాలా తక్కువ, నిశ్శబ్దాన్నే వాడుకుంటారు. కాబట్టి అక్కడి నుంచి మ్యూజిక్ టాక్ వచ్చిందంటే అది మామూలు రకం అయ్యుండదు.

2024 కాన్‌నే చూడండి, రెండు సినిమాలు. ఎమీలియా పెరేజ్, మెక్సికో డ్రగ్స్ ముఠా నాయకుడి మీద తీసిన మ్యూజికల్, జ్యూరీ ప్రైజ్, నలుగురు నటీమణులకి కలిపి ఉత్తమ నటి. సంగీతం కామీ, క్లెమాన్ దుకోల్ అని ఇద్దరు ఫ్రెంచ్ వాళ్ళు. కాన్‌లో హోరెత్తిపోయింది, 13 ఆస్కార్ నామినేషన్లు దాకా వెళ్ళింది, ఆ లోపు మెక్సికో ప్రేక్షకులు "మా ఊరు, మా భాష, మా బాధ ఇలా ఉండదు" అని గట్టిగా ఎదురు తిరిగారు, చివరికి వచ్చినవి రెండే, అందులో ఒకటి ఎల్ మాల్ అనే పాటకి. చూడండి, మళ్ళీ సినిమా టాక్ సగంలో విరిగింది, పాట టాక్ నిలబడింది. కాకపోతే నా మట్టుకు ఆ పాటలు సినిమా బయట వింటే అంత ఎక్కలేదు, స్క్రీన్ మీద కదలికతో కలిపి చూస్తేనే పని చేస్తాయి. పాటలు విడిగా విందామనుకునేవాళ్ళకి ఇది నేను సజెస్ట్ చేయను.

రెండోది పాయల్ కపాడియా తీసిన ఆల్ వీ ఇమాజిన్ యాజ్ లైట్. 1994లో మలయాళం సినిమా స్వాహమ్ తర్వాత 30 ఏళ్ళకి కాన్ మెయిన్ కాంపిటీషన్‌లోకి వెళ్ళిన ఇండియన్ సినిమా, వెళ్ళి అక్కడి రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రీ తెచ్చుకుంది. ముంబయిలో మలయాళీ నర్సుల కథ. దీనికి టాప్షే అనే పేరుతో మ్యూజిక్ చేసే కుర్రాడు స్కోర్ ఇచ్చాడు, దానితో పాటు ఎమహోయ్ అనే ఇథియోపియా సన్యాసిని వాయించిన పాత పియానో ముక్కలు కూడా వాడారు. ఆవిడ 2023లో 99 ఏళ్ళ వయసులో పోయారు. ముంబయి వానలో, లోకల్ ట్రైన్ లైట్లలో ఆ ఇథియోపియన్ పియానో వినపడుతుంటే అది ఈ ఊరి కోసమే పుట్టిందా అనిపిస్తుంది. మన దేశమంతా దీన్ని రిలీజ్ చేసింది రానా దగ్గుబాటి కంపెనీ, 2024 నవంబర్ 22న, అంటే కాన్ నుంచి దాదాపు ఆరు నెలలు. మా ఏరియాలో వారం కూడా ఆడలేదు, రెండో రోజే వెళ్ళాను కాబట్టి దొరికింది. ఫెస్టివల్ సినిమా మీ ఊరికి వచ్చిందంటే వీకెండ్ దాకా ఆగొద్దు, శుక్రవారం రాత్రో శనివారం పొద్దునో వెళ్ళిపోండి, సోమవారానికి ఉండదు.

2025లో ఇంకో ఇండియన్ సినిమా హోమ్‌బౌండ్ కొంచెం నయం, మే 21న కాన్‌లో వేస్తే సెప్టెంబర్ 26న మన దగ్గరకి వచ్చింది, నాలుగు నెలలే. అమిత్ త్రివేది పాటలు ఉన్నాయి గానీ ఆ సినిమాకి పాటల కోసం వెళ్ళాల్సిన పని లేదు, అందులో ఉన్న ఇద్దరు స్నేహితుల కథ కోసం వెళ్ళాలి.

మిగతా రెండు పెద్ద ఫెస్టివల్స్ త్వరగా చెప్పేస్తా. అమెరికాలో జనవరిలో వచ్చే సన్‌డాన్స్ అంటే చిన్న సినిమాలు, అక్కడి "మాస్టర్‌పీస్" అనే మాటని సగానికి సగం కోసేయండి, మంచు కొండల్లో ఆ ఉత్సాహం అలా వస్తుంది, ఎండాకాలానికి కరిగిపోతుంది. కానీ సంగీతకారుల కథలకి, మ్యూజిక్ డాక్యుమెంటరీలకి దాన్ని మించింది లేదు. 2007లో వన్స్ అక్కడే ఆడియన్స్ అవార్డు తెచ్చుకుంది, మరుసటి ఏడాది ఆ చిన్న ఐరిష్ సినిమా పాటకి ఆస్కార్ వచ్చింది. 2012లో సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్, 2014లో విప్‌లాష్, 2021లో సమ్మర్ ఆఫ్ సోల్, ఈ మూడూ అక్కడ మొదట చూపించినవే. ఫిబ్రవరిలో వచ్చే బెర్లిన్‌లో అప్పుడప్పుడు జ్యూరీయే మ్యూజిక్‌ని గుర్తిస్తుంది, 2008లో దేర్ విల్ బి బ్లడ్ మ్యూజిక్‌కి జానీ గ్రీన్‌వుడ్‌కి సిల్వర్ బేర్ అనే అక్కడి అవార్డు ఇచ్చారు.

ఆ గ్రీన్‌వుడ్ కథ ఇక్కడ అవసరం, ఎందుకంటే చాలామంది ఆస్కార్ నామినేషన్ల లిస్టు చూసి మ్యూజిక్ ఎంచుకుంటారు. బెర్లిన్ అవార్డు ఇచ్చిన అదే స్కోర్‌ని ఆస్కార్ వాళ్ళు అసలు పోటీకే తీసుకోలేదు, ఆయన అంతకు ముందే రాసుకున్న ఒక కచేరీ ముక్క అందులో ఎక్కువ ఉందని. 2016 వెనిస్‌లో లా లా ల్యాండ్‌తో పాటే అరైవల్ కూడా వేశారు, యోహాన్ యోహాన్సన్ మ్యూజిక్ గురించి అప్పుడు వచ్చిన టాక్ మామూలుగా లేదు, దాన్ని కూడా ఆస్కార్ వాళ్ళు పక్కన పెట్టేశారు, మొదట్లోనూ చివర్లోనూ మ్యాక్స్ రిక్టర్ పాత పీస్ ఒకటి వాడారని. లా లా ల్యాండ్ ఇంటింటా మోగింది, అరైవల్ పేరు స్కోర్ లిస్టులోనే లేదు. నామినేషన్ల లిస్టు మాత్రమే చూసుకుని ఉంటే గ్రీన్‌వుడ్ స్కోరూ, యోహాన్సన్ స్కోరూ మీకు తగిలేవి కావు, ఫెస్టివల్ టాక్ చదివి ఉంటే తగిలేవి.

ఆ రిక్టర్ పీస్ పేరు ఆన్ ద నేచర్ ఆఫ్ డేలైట్, 2004 నాటిది. 2025లో హామ్నెట్ సినిమాకి ఆయనే మ్యూజిక్ చేశాడు, టెల్యూరైడ్‌లో వేశారు, అక్కడి నుంచి టొరంటో వెళ్ళి పీపుల్స్ చాయిస్ కొట్టింది, డైరెక్టర్ క్లోయీ జావ్‌కి అది రెండోసారి. చివరి సీను మ్యూజిక్‌కి హాలంతా వెక్కి వెక్కి ఏడ్చారని టాక్. అక్కడ వచ్చేది మళ్ళీ అదే పాత పీస్. కాబట్టి "చివర్లో మ్యూజిక్ ఏడిపించింది" అని టాక్ వస్తే ఒక్కసారి ఆగి, అది ఈ సినిమా కోసం రాసిందా, ముందే ఉన్నదా అని చూసుకోండి. ముందే ఉన్నదైతే తప్పేం లేదు, కానీ అరైవల్‌లో దాన్ని విని గుండెల్లో పెట్టుకున్న మనిషికి ఇక్కడ మళ్ళీ వినిపిస్తే కొంచెం బయటికి లాగినట్టు ఉంటుంది.

ఇంకో ప్రశ్న నన్ను ఎక్కువమంది అడిగేది, ఆల్బమ్ ముందు వినాలా, సినిమా ముందు చూడాలా అని. మన అలవాటు ప్రకారం ఆల్బమ్ ముందు అనిపిస్తుంది. పాటలున్న సినిమా అయితే అలాగే చేయండి, ఏ నష్టం లేదు, మనం పుట్టిన దగ్గర్నుంచి చేస్తున్నదే. కేరాఫ్ కంచరపాలెం 2018లో న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి వెళ్ళొచ్చిన సినిమా, స్వీకార్ అగస్తి చేసిన ఆశాపాశం పాట ముందు విన్నా, సినిమా చూశాక విన్నా ఏడిపిస్తుంది. కానీ ఉత్త స్కోర్ అయితే ముందు వినొద్దు. ట్రాకుల పేర్లలోనే కథ ఉంటుంది, ఎవరు పోతారో, ఎక్కడికి వెళ్తారో తెలిసిపోతుంది. పైగా స్కోర్ మొదటిసారి బొమ్మతో కలిసి తగిలితే వచ్చే ఆ దెబ్బ ఒక్కసారే వస్తుంది. నేను ఒక సినిమాకి ఆల్బమ్ నెల రోజులు విని వెళ్ళాను, సీను రాకముందే మ్యూజిక్ నా తలలో మొదలైపోయింది, తెర మీద ఏం జరుగుతుందో నాకు ముందే తెలిసినట్టయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

థియేటరా, ఓటీటీనా అనేది కూడా టాక్‌లోనే దొరుకుతుంది. "బాస్", "అదురుడు", "రేవ్", "సీట్లు కంపించాయి" లాంటి మాటలు వస్తే థియేటర్. 2025 కాన్‌లో జ్యూరీ ప్రైజ్ పంచుకున్న సిరాత్ అలాంటిది, మొరాకో ఎడారిలో రేవ్ పార్టీల (రాత్రంతా టెక్నో సంగీతానికి డ్యాన్స్ చేసే పార్టీల) మధ్య కూతుర్ని వెతుక్కునే తండ్రి కథ, మ్యూజిక్ కాంగ్‌డింగ్ రే అనే టెక్నో ఆర్టిస్ట్. ఫోన్లో చూస్తే ఆ సినిమా చూసినట్టే కాదు. ఇక్కడ ఇంకో జాగ్రత్త, నేను ఒక మల్టీప్లెక్స్‌లో ఇలాంటి సౌండ్ సినిమాకి వెళ్తే వాల్యూమ్ బాగా తగ్గించి వేశారు, హాల్లో ఎనిమిది మందిమి ఉన్నాం, లేచి వెళ్ళి చెప్తే పది నిమిషాలకి పెంచారు. మొహమాటపడకుండా వెళ్ళి అడగండి, పెంచుతారు.

సరే, చివరికి 2025 వెనిస్ నుంచి వచ్చినవాటిలో ఏది ఎంచుకోవాలి అంటే, నేను మూడిటిని పక్కపక్కన పెట్టుకున్నా. గిలెర్మో దెల్ తోరో ఫ్రాంకెన్‌స్టైన్, సంగీతం అలెగ్జాండర్ దెప్లా, వీళ్ళిద్దరూ షేప్ ఆఫ్ వాటర్ జోడీనే. మెలోడీ కావాలి, రాజా గారి వయొలిన్లు ఇష్టం అనేవాళ్ళకి ఇదే సరైనది, నవంబర్ 7 నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది, ఎదురుచూపు లేదు. రెండోది బుగోనియా, జెర్స్కిన్ ఫెండ్రిక్స్ స్కోర్. డైరెక్టర్ లాంథిమోస్ ఆయనకి స్క్రిప్ట్ ఇవ్వకుండా తేనెటీగలు, బేస్‌మెంట్, స్పేస్‌షిప్ లాంటి నాలుగు మాటలు చెప్పి రాయమన్నాడంట, దాంతో ఒక చిన్న గదిలో నడిచే కథకి భూమి బద్దలయ్యేంత ఆర్కెస్ట్రా వచ్చి కూర్చుంది. కొత్తగా ఏదైనా వినాలనుకునేవాళ్ళు, కాస్త చిరాకు తట్టుకోగలిగేవాళ్ళు ఇది తీసుకోండి.

మూడోది ద టెస్టమెంట్ ఆఫ్ ఆన్ లీ. బ్రూటలిస్ట్ రాసిన ఇద్దరిలో ఒకరైన మోనా ఫాస్ట్‌వోల్డ్ డైరెక్షన్, మళ్ళీ డేనియల్ బ్లుంబర్గే. 18వ శతాబ్దంలో షేకర్లు అనే ఒక మత సంఘాన్ని నడిపించిన ఆవిడ కథ, వాళ్ళు ఒళ్ళు ఊపుకుంటూ, నేలని తన్నుతూ పాడుకునే పాత కీర్తనల్ని తీసుకుని ఈయన మళ్ళీ కట్టాడు. అమాండా సేఫ్రీడ్ పాడింది. భజన చేసేటప్పుడు తాళం వేగం పెరిగే కొద్దీ ఒక దశలో మనిషి తనని తాను మర్చిపోతాడు చూడండి, ఏకాహం జరిగే చోట తెల్లవారుజామున మూడింటికి కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది ఆ స్థితి, ఈ సినిమా మ్యూజిక్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మూడిట్లో ఒక్కటే చూసే టైం ఉంటే నేను దీనికే వెళ్తా, చిన్నప్పుడు మా ఊరి రామాలయంలో అరుగు మీద కూర్చుని విన్నవాళ్ళని కూడా వెంట తీసుకెళ్తా.